రైలుకన్నా ముందు నడిచినవాళ్ళు

నా భర్త పనిచేసిన దేశం పేరు ఇక్కడ రాయను. మా ఆయన్ని ఇంట్లో దాచి కాపాడిన కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. పేరు రాస్తే వాళ్ళ గుమ్మం దాకా ఎవరికో దారి చూపించినట్టవుతుందేమోనని నా భయం. మన ఈశాన్య సరిహద్దుకు ఆనుకుని ఉన్న దేశం అనుకోండి, చాలు.

మా ఆఫీసు పంజాగుట్టలో, ఫ్లైఓవర్ వైపు కిటికీలున్న పాత భవనంలో ఉంది. రైల్వే లైన్లకు సర్వేలూ డిజైన్లూ చేసే కంపెనీ. నేను వంతెనలకీ కల్వర్టులకీ డ్రాయింగులు గీస్తాను. మా ఆయన పట్టాలు వేయించే సైట్ ఇంజినీరు. ఆ ఆఫీసులోనే పరిచయమయ్యాం, పెళ్ళి చేసుకున్నాం. నాది గోదావరి వైపు, తనది సిద్దిపేట దగ్గర పల్లె. అమీర్‌పేటలో, మధురానగర్ వైపు పోయే సందులో, కింద లేడీస్ హాస్టల్ ఉన్న భవనం పై అంతస్తులో అద్దెకుంటాం. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది.

మన చివరి స్టేషను నుంచి వాళ్ళ మొదటి స్టేషను దాకా ఒక లైను వేసే పని మా కంపెనీకి వచ్చింది. మ్యాపులో చూస్తే గోరంత ఉంటుంది. ఆ గోరంత లేకనే మన మిర్చీ పసుపూ సరిహద్దు గేటు దగ్గర లారీల్లో రోజుల తరబడి పడి ఉండేవి. ఎండకి ఎండేవి, వానకి తడిసేవి. పట్టాలు కలిస్తే ఇక్కడ సీలు వేసిన పెట్టె అక్కడే తెరుచుకుంటుంది. ఆ దేశం గుండా ఇంకో దేశానికి, అక్కడినుంచి మరో దేశానికి లైను పొడిగించుకుంటూ పోవాలని పెద్దల ఆలోచన. మీటింగులో ఆ మ్యాపు గోడ మీద చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. నేను గీసిన గీత రెండు దేశాల మధ్య పడుతోంది కదా అనిపించేది.

మా అత్తమ్మకు మాత్రం మొదటినుంచీ నచ్చలేదు. "రైలంటే కాజీపేటకు పోతది, బల్లార్షకు పోతది. వేరే దేశం పోవుడేంది? ఆడ మనకు ఎవలున్నరు?" అని తన కొడుకును అడిగింది.

"ఎవలు లేకుంటేనే కదనే రైలు వేసేది," అని నవ్వి వెళ్ళిపోయాడు తను.

ఆ ఏడు వానాకాలంలో అక్కడ గొడవలు మొదలయ్యాయి. ముందు కాలేజీ పిల్లల ఊరేగింపులన్నారు. తరవాత కాల్పులన్నారు. తను రోజూ ఫోన్ చేసేవాడు. "గొడవలన్నీ రాజధానిల. మా దగ్గర పొలాలు, చెరువులు తప్ప ఏం లేవు. నువ్వు ఫికర్ చేయకు," అనేవాడు. ఒకరోజు పొద్దున క్యాంపు ముందు నీళ్ళలో ఈదుతున్న బాతుల ఫొటో పంపించాడు. బాగున్నాయని రాశాను. ఆ మాట వెళ్ళింది కానీ తనకు చేరలేదు. ఒకే ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయింది. ఆ దేశమంతా ఇంటర్నెట్టూ ఫోన్లూ ఆపేశారని మధ్యాహ్నం తెలిసింది.

నాకు భయమంటే ఏమిటో అప్పటిదాకా తెలియదని ఆ వారంలో అర్థమైంది. అది గుండెల్లో ఉంటుందంటారు. నాకైతే మోకాళ్ళలో ఉండేది. అమీర్‌పేట మెట్రో మెట్లు ఎక్కలేక కమ్మీ పట్టుకుని నిలబడిపోయేదాన్ని. మైత్రీవనం ముందు ఎప్పటిలాగే కోచింగ్ సెంటర్ల జనం, చాయ్ బండ్లు, హాస్టల్ అమ్మాయిల నవ్వులు. వాళ్ళంతా ఏ భయమూ లేకుండా ఎలా నడుస్తున్నారా అని చూసేదాన్ని. ఎవరి ఫోన్ మోగినా నా చెయ్యి సంచిలోకి పోయేది. నాది మోగినా భయమే, మోగకపోయినా భయమే.

ఇంట్లో అత్తమ్మ టీవీ పెట్టి, గొంతు పూర్తిగా తగ్గించి చూసేది. తగలబడుతున్న బస్సులు, పరుగెత్తే జనం, పట్టాల మీద అడ్డంగా పడేసిన దుంగలు. మాట వినపడకుండా ఆ బొమ్మలు చూడటం ఇంకా ఘోరంగా ఉండేది.

"సౌండ్ పెట్టండి అత్తమ్మా," అన్నాను ఒకసారి.

"వద్దు బిడ్డా. వాళ్ళు ఒర్రుతుంటె నా కొడుకే ఒర్రుతున్నట్టు వినవడ్తది," అంది.

ఆ తరవాత నేనూ అడగలేదు. ఆవిడ జొన్నరొట్టెలు చేసేది, నేను తిన్నట్టు నటించేదాన్ని, ఆవిడ నమ్మినట్టు నటించేది.

ఆఫీసులో మా సార్ అటు ఎంబసీకి, ఇటు రైల్వే పెద్దలకి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. ఉన్నచోటే ఉండమనండి, బయటికి రావద్దనండి. మావాళ్ళలో చాలామంది గొడవలు ముదరకముందే విమానంలో వచ్చేశారు. సైటు క్యాంపులో మిగిలింది మా ఆయన, పట్టాలు అతికించే వెల్డర్లు ఇద్దరు. వాళ్ళు బీహార్ వాళ్ళు. ఆ దేశ ప్రభుత్వం కూలిపోయిందని టీవీలో చెప్పిన రోజు సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఏదో అనబోయి, ఊరికే నీళ్ళ సీసా నా ముందుకు జరిపి వెళ్ళిపోయారు. ఆయనకి ఏదో తెలిసే చెప్పడం లేదనుకున్నాను. నిజానికి ఆయనకీ ఏమీ తెలియదు.

మర్నాడు పొద్దున, అక్కడ ఫోన్లు మళ్ళీ కలిశాక, ఆఫీసులో ఉండగా అక్కడి తన నంబరు నుంచే ఫోన్ వచ్చింది.

"నేనే. మంచిగనే ఉన్న. జర ఇను, చార్జింగ్ లేదు," అన్నాడు. గొంతు గుసగుసగా ఉంది. "క్యాంపు కాలవెట్టిన్రు. మేము ముగ్గురం అంతకుముందే బయటవడ్డం. స్టోర్ చూసుకునే అన్న ఇంట్ల ఉన్నం."

ఆ స్టోర్ ఆయన గురించి నాకు తెలుసు. ఆ ఊరివాడే. బోల్టులు, క్లిప్పులు ఉండే గోడౌను చూసుకునేవాడు. మా ఆయనకు వచ్చీరాని హిందీలో వాళ్ళ భాష నేర్పేవాడు.

"ఎవరైనా మీకోసం వెతుకుతున్నారా?" అని అడిగాను.

"క్యాంపు దోచుకున్నోళ్ళు ఊర్ల తిరుగుతున్నరు. పరాయి దేశపోళ్ళు ఏడున్నరు అని అడుగుతున్నరట. ఈడ ఎక్కువసేపు ఉంటె ఈ అన్నకు సుత ముప్పే. రోడ్డుకెళ్లి పోలేం, చెక్‌పోస్టు దాక అంతా గుంపులే. మన లైను కట్ట మీదికెళ్లి నడుచుకుంట బార్డర్ దాక పోతం."

ఆ మాట వినగానే నా కళ్ళముందు డ్రాయింగు మొత్తం పరుచుకుంది. పొలాల మధ్య మట్టికట్ట. దానికిరువైపులా వాననీళ్ళు. చివర్లో నది మీద వంతెన. వంతెన దాటాక ఇంకొంచెం కట్ట. ఆ తరవాత ముళ్ళకంచె, అందులో రైలు కోసం పెట్టిన ఇనుప గేటు. ఆ గేటుకు తాళం. దాని వెనక తుపాకులతో మన జవాన్లు.

"ఆ చివరి ముక్క వేరే కాంట్రాక్టరుది. నేను ఎన్నడూ నడవలే. డ్రాయింగులు లాప్‌టాప్‌ల ఉండె, అది పోయింది. నువ్వే చెప్పాలె," అన్నాడు. "వాన గట్టిగ వడ్డంక బయల్దేరుతం. అప్పుడు బయట ఎవలుండరు. బ్రిడ్జి దగ్గర మన ఇండియా సిమ్ము అందుకుంటదట. ఆడికి పోయినంక చేస్త. అమ్మకు చెప్పకు."

పెట్టేశాడు. నేను వెంటనే సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన విన్నారు, కుర్చీలోంచి లేచారు.

"అమ్మా, అసలు భయపడాల్సింది వంతెన గురించి కాదు, గేటు గురించి. చెప్పాపెట్టకుండా కంచె దగ్గరికి ముగ్గురు మగాళ్ళు నడుచుకుంటూ వస్తే మనవాళ్ళు ఎవరనుకుంటారు?" అన్నారు. ఆ మాట అన్నాక నా మొహం చూసి, "నేను మాట్లాడతాను, నేను చూసుకుంటాను," అంటూ ఫోన్ అందుకున్నారు.

నేను పెద్ద స్క్రీను మీద ఆ చివరి ముక్క డ్రాయింగు తెరిచాను. పక్కనే ఆఖరుసారి సైటు నుంచి వచ్చిన ఫొటోలు పెట్టుకున్నాను. వంతెన మీద గర్డర్లు, అంటే పొడవాటి ఇనుప దూలాలు, వేశారు కానీ పట్టాల కింద పరిచే స్లీపర్లు, పట్టాలు ఇంకా పడలేదు. గర్డర్ల మధ్య ఖాళీ, ఖాళీ కింద నది. ఒకవైపు మాత్రం ఇనుప జాలీతో నడకదారి ఉంది. రెండోవైపు పెయింటు వేసేవాళ్ళు నిలబడటానికి చెక్కలు పరిచి వదిలేశారు. ఆ చెక్కలు వానకి నానిపోయి ఉంటాయి. ఇవే నేను ఎన్నోసార్లు చూసిన గీతలు. ఆ రోజు చూస్తుంటే ప్రతి గీతా అనుమానంగానే కనిపించింది. మేం గీసినట్టే అక్కడ కట్టారా? ఫొటో తరవాత ఏదైనా మారిందా?

మధ్యాహ్నం అవుతుండగా రిసెప్షన్ నుంచి పిలిచారు. వెళ్ళి చూస్తే అత్తమ్మ. చేతిలో టిఫిన్ డబ్బా, చీర కొంగంతా తడి. పంజాగుట్టలోనూ అప్పుడు వానే. ఎప్పుడూ ఒంటరిగా ఆటో ఎక్కని మనిషి.

"పొద్దున డబ్బా మర్చిపోయినవ్," అంది. నా మొహం ఒక్కసారి చూసింది. "ఫోనొచ్చిందా?"

తను చెప్పొద్దన్నాడు. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ అబద్ధం ఆడటం నా వల్ల కాలేదు. చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు. నా వెంట లోపలికి వచ్చి, స్క్రీను పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏది? నా కొడుకు నడిచే తొవ్వ ఏది?" అని అడిగింది. వేలితో చూపించాను. ఆవిడ ఆ గీతనే చూస్తూ కూర్చుంది.

ఫోన్ మళ్ళీ వచ్చింది. ఈసారి వాన చప్పుడే ఎక్కువగా వినపడింది.

"బ్రిడ్జి మొదట్ల ఉన్నం," అని అరిచాడు. "స్టోర్ అన్న ఈడిదాక తోలిచ్చిండు. ఇగ వాపసు పోతుండు. బ్రిడ్జి మీద ఎట్ల పోవాలె?"

"మధ్యలో నడవొద్దు. ఎడమవైపు ఇనుప జాలీ దారి ఉంటుంది, దాని మీద వెళ్ళండి. రెండోవైపు చెక్కలు ఉంటాయి, అవి తొక్కొద్దు. విన్నావా? చెక్కలు తొక్కొద్దు. వంతెన దాటాక కట్ట కింద ఊరివాళ్ళు దాటే చిన్న సొరంగంలాంటి దారి ఉంటుంది. అక్కడ ఆగండి. గేటు వైపు వెళ్ళొద్దు, పర్మిషన్ ఇంకా..."

అవతల ఏమీ లేదు. లైను తెగిపోయింది. ఎంతవరకు విన్నాడో తెలియదు. తిరిగి చేస్తే అందుబాటులో లేదంది.

ఫోన్ కింద పెట్టి స్క్రీను వైపు చూశాను. మా డ్రాయింగులన్నీ మన స్టేషను దగ్గర మొదలై వాళ్ళ స్టేషను వైపు పోతాయి. మన వైపు నిలబడి చూస్తే నడకదారి ఎడమవైపు. వాళ్ళు వస్తున్నది అటునుంచి ఇటు. వాళ్ళకి అది కుడివైపు. ఎడమవైపు చెక్కలు. ఎడమ అన్న మాట వరకే విని ఉంటే, నేను నా భర్తని నానిపోయిన చెక్కల మీదికి పొమ్మన్నట్టే.

"అత్తమ్మా," అన్నాను. కుడి, ఎడమ అని చేతులతో చూపించాను. తరవాత మాటల్లో చెప్పాను. సార్ గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డారు. అందరూ పని ఆపేశారు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఆ యంత్రం గొంతు అదే మాట చెబుతూనే ఉంది.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వాడు ఎన్నడన్న మన మాట విన్నడా బిడ్డా? చిన్నప్పటిసంది కుడికి పొమ్మంటె ఎడమకు పోయెటోడు, ఎడమకు పొమ్మంటె కుడికి పోయెటోడు. గిప్పుడు మాత్రం ఎందుకింటడు?" అంది. నవ్వించడానికే అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుంటోందో తెలియదు.

అప్పుడే సార్ ఫోన్ మోగింది. సరిహద్దు దళంవాళ్ళు ఒప్పుకున్నారట. గేటు దగ్గర మనుషుల్ని పెడతామన్నారు. కానీ వచ్చేవాళ్ళు చేతులు పైకెత్తి రావాలన్నారు, పరుగెత్తకూడదన్నారు, ఏం బట్టలు వేసుకున్నారో చెప్పమన్నారు. సార్ నా వైపు చూశారు.

నాకేం తెలుసు? తను ఏం వేసుకున్నాడో నేను చూసి ఎన్ని రోజులైంది! సైటులో వేసుకునే మెరిసే జాకెట్లు క్యాంపుతో పాటే కాలిపోయి ఉంటాయి. "పొడుగ్గా ఉంటాడు," అన్నాను. "కొంచెం ఎడమ భుజం దించి నడుస్తాడు. వానలో కూడా నెమ్మదిగానే నడుస్తాడు." అవి గుర్తులని సార్ ఫోనులో హిందీలో చెబుతుంటే నాకు ఏడుపు వచ్చింది. చేతులు పైకెత్తమన్న మాట ఎవరు చెబుతారు తనకి? గేటు తెరవడానికి ఒప్పుకున్నారన్న మాట మాత్రం ఎవరు చెబుతారు? అన్నీ మా దగ్గరే ఉన్నాయి, తన దగ్గరికి ఒక్క మాటా చేరదు.

కిటికీ బయట ఫ్లైఓవర్ మీద బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. వానకు ట్రాఫిక్ జామ్. అందరూ ఒకటే హారన్లు. పైన మెట్రో మాత్రం అందరూ దారి ఇచ్చినట్టు జారిపోయింది. దాన్ని చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంత నున్నగా పోయే రైలు కోసమా ఇదంతా అనిపించింది.

ఎంతసేపో తెలియదు. గడియారం వైపు చూడటానికి కూడా భయపడ్డాను. చివరికి ఒక తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. హిందీలో, బరువైన గొంతు. ఎవరు మాట్లాడేది, మీకు ఆయన ఏమవుతారు అని అడిగాడు. భార్యని అన్నాను. ఒక్క క్షణం ఆగమన్నాడు. ఆ క్షణంలో నేను అన్నీ ఊహించుకున్నాను. నదిని చూశాను, గేటును చూశాను, సిద్దిపేటలో మా వాళ్ళకి ఎలా చెప్పాలో కూడా ఆలోచించాను.

"మాట్లాడండి," అన్నాడు ఆ గొంతు. తరవాత మా ఆయన గొంతు. "ఇండియాల ఉన్న."

అత్తమ్మకి ఫోన్ ఇవ్వబోయాను. చెయ్యి పట్టు వదల్లేదు. "చెక్కల మీద... నేను ఎడమ అన్నాను..." అంటున్నాను.

"నీ ఎడమ అంటే మన స్టేషన్ల నిలవడి చూసే ఎడమ. గంత తెల్వదా నాకు? నీ డ్రాయింగులు ఎన్నేండ్లసంది చూస్తున్న?" అన్నాడు. పళ్ళు కటకటలాడుతున్నాయి, చలికో భయానికో. వంతెన దాటి, నేను చెప్పిన చిన్న దారిలో నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డారట. కాసేపటికి గేటు దగ్గర నుంచి మైకులో హిందీలో పిలిచారట, చేతులెత్తి మెల్లగా రమ్మని. వెల్డర్లలో చిన్నవాడు భయంతో కదల్లేకపోతే మిగతా ఇద్దరూ చెరో పక్కనా నిలబడి అతని చేతుల్ని తమ చేతులతో ఎత్తి పట్టుకుని నడిపించారట.

అత్తమ్మ ఫోన్ తీసుకుని ఒకే మాట అడిగింది. "తిన్నవా కొడుకా?" ఆ తరవాత ఆవిడ ఆ డబ్బా విప్పింది. ఆఫీసంతా చూస్తుండగా ఇద్దరం అన్నం తిన్నాం.

జవాన్లు ఆ ముగ్గుర్నీ చాలాసేపు ప్రశ్నలు అడిగి, కాగితాలన్నీ తేలాక వదిలారు. తను ఇల్లు చేరాక కూడా భయం మాతోనే ఉంది. వినాయక చవితికి మా సందులో డప్పులు మొదలవగానే తను లేచి కిటికీలన్నీ మూసేశాడు. గుంపు శబ్దం వినపడితే మొహంలో రక్తం ఉండేది కాదు. నేనూ అత్తమ్మా చూడనట్టు ఉండేవాళ్ళం.

తనని తినేసిన భయం ఇంకొకటుంది. స్టోర్ ఆయన ఫోన్ ఎప్పుడు చేసినా స్విచ్ ఆఫ్. వంతెన దగ్గర తనని వదిలి ఒక్కడే వెనక్కి వెళ్ళిన మనిషి ఇల్లు చేరాడో లేదో తెలియదు. "నన్ను తోలిచ్చి ఆయన పోయిండేమో," అని ఒకసారి అన్నాడు. దసరా వెళ్ళాక ఒకరోజు ఆయనే వేరే నంబరు నుంచి చేశాడు. ఆ రాత్రే గుంపు వాళ్ళింటికి వచ్చిందట, రేకుల కప్పు మీద రాళ్ళు వేసిందట. ఇండియావాళ్ళు రోడ్డు దారినే వెళ్ళిపోయారని చెప్పి ఆ గుంపును పంపించేశాడట. ఫోన్ లాక్కున్నారు, అంతే. మా ఆయన ఆ ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఈ మధ్య పని మళ్ళీ మొదలైంది. వంతెన మీద స్లీపర్లు పడ్డాయి. వెళ్ళొద్దని నేను అన్నాను, అత్తమ్మ అంది. "పని సగంల ఉన్నది," అన్నాడు. వెళ్ళాడు. మళ్ళీ నేను మెట్రో మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

అక్కడికి చేరాక ఆ స్టోర్ అన్న ఇంటి నుంచి వీడియో కాల్ చేశాడు. ఫోన్ ఆయన భార్యకి ఇచ్చాడు. సన్నగా ఉంది, నా ఈడే. ఆవిడది నాకన్నా వచ్చీరాని హిందీ. ఆ రోజు మీ ఆయన తిరిగొచ్చేదాకా మీరేం చేశారని అడిగాను. పిల్లల నోరు మూసి పట్టుకుని తలుపు వెనక నిలబడ్డానంది. చీకటి పడే దాకా అంది.

చీకటి పడే దాకా. మేము పంజాగుట్టలో అన్నం తిని, చేతులు కడుక్కుని, ఏడ్చి, నవ్వి, ఆటో ఎక్కి ఇంటికి చేరిన ఆ సమయమంతా ఆవిడ తలుపు వెనకే ఉంది. నాకు ఆ రోజు ఆవిడ ఉన్నదన్న ఊహే లేదు.

"రైలు ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది ఆవిడ.

ముందు సరుకు బళ్ళే వస్తాయి, మనుషుల బళ్ళు తరవాత అన్నాను.

"అవి వచ్చాక మీ హైదరాబాద్ వస్తాను. అక్కడ మమ్మల్ని చూసి ఎవరూ ఏమీ అనరు కదా?"

వెనకనుంచి అత్తమ్మ ఆవిడేమంటోందని అడిగింది. చెప్పాను. అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాదని తెలిసీ, తెలుగులోనే గట్టిగా అంది: "నువ్వు రా బిడ్డా. నేనే స్టేషన్‌కొస్త."